గెడ నా చేతికొచ్చిన ఏడాది

"ఏం పని చేస్తావు?" అని అడిగింది కళ్ళ డాక్టరు. "వంటమనిషిని" అన్నాను. నా జన్మలో కోడిగుడ్డు సరిగ్గా ఉడకబెట్టి ఎరగను. ఆ మాట నోట్లోంచి ఎలా ఊడిపడిందో ఇప్పటికీ తెలీదు. దోహాలో, అల్ మన్సూరా పేటలో కిరాణా కొట్టు మేడమీదున్న క్లినిక్ అది. డాక్టరు మలయాళీ మనిషి, నెమ్మదిగా హిందీలో మాట్లాడుతుంది. అంతకుముందే నా తలని తెల్లటి బేసినులాంటి మిషనులో పెట్టించి, వెలుతురు చుక్క ఎక్కడ మెరిసినా చేతిలోని బటన్ నొక్కమంది. నేను చాలా చురుగ్గా నొక్కాననే అనుకున్నాను. తీరా చూస్తే నొక్కినవాటికన్నా నొక్కనివే ఎక్కువట. కాగితం మీద గుండ్రంగా గీసి, చుట్టూ పెన్నుతో నల్లగా నింపేసి, నడిమధ్యన కాస్త తెలుపు ఉంచి, "నీకు మిగిలింది ఇంతే" అంది. నీటికాసులు. పోయిన చూపు తిరిగి రాదట, ఉన్నదాన్ని చుక్కల మందుతో నిలబెట్టుకోవాలట. "డ్రైవింగ్ లాంటివి పెట్టుకోవద్దు. వంటే కాబట్టి ఫరవాలేదు, వేడి నూనె దగ్గర మాత్రం జాగ్రత్త" అని కూడా చెప్పింది పాపం.

మెట్లు దిగి వచ్చి బండి దగ్గర నిలబడ్డాను. ఎక్కబుద్ధి కాలేదు. బండి చుట్టూ ఒకసారి తిరిగాను, మళ్ళీ తిరిగాను. పక్కన టీ కొట్టు ముందున్న నేపాలీ కుర్రాడు ఏదైనా పడిపోయిందా అని వెతకడానికి కూడా వచ్చాడు. ఆ రోజు నుంచి ఇదే వరస. కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నాను. నేను అల్ హిలాల్‌లో ఒక విల్లాకి హౌస్ డ్రైవర్ని. ఇరవై ఏళ్ళు దాటిపోయింది. ఇంట్లో పిల్లలిద్దరు, పన్నెండేళ్ళ ఖాలిద్, ఆరేళ్ళ హెస్సా. వాళ్ళని బడికి తీసుకెళ్ళి తీసుకురావడం, సాయంత్రం ఫుట్‌బాల్‌కనీ మాల్‌కనీ తిప్పడం నా డ్యూటీ. ఇద్దరూ పురిట్లోంచి ఇంటికొచ్చింది నా బండిలోనే. డ్రైవరు బతుకులో సగం బయట ఎండలో కాచుకుని ఉండటమే. ఆ ఖాళీలోనే నాకు ఫోనులో ఏదో ఒకటి రాసుకునే జబ్బు కూడా అంటుకుంది.

డాక్టరు దగ్గరికి అసలెందుకు వెళ్ళానో చెప్పాలి. ఖాలిద్‌కి వాళ్ళ మేనమామ చేపలు పట్టే రాడ్ కొనిచ్చాడు. రీలు, గిరగిరా తిరిగే పిడి, పెట్టెనిండా రంగురంగుల రబ్బరు చేపలు, అబ్బో, ఆ వైభోగం చెప్పనలవి కాదు. శుక్రవారం మధ్యాహ్నం అల్ ఖోర్ వైపు సముద్రం ఒడ్డుకి తీసుకెళ్ళాను. గాలం ముడి వెయ్యడం వాడికి రాలేదు. నేను తీసుకుని, హెస్సాతో కబుర్లు చెబుతూనే, చూడకుండా వేసేశాను. వేళ్ళు వాటంతట అవే చుట్టి, తడిపి, బిగించేశాయి. ఖాలిద్ నోరు తెరిచాడు. నాకు ఛాతీ ఉప్పొంగిపోయింది. దారం వేలి మీదుగా ఎలా పోనివ్వాలో చూపిద్దామని ఒకడుగు వెనక్కి వేశాను. మోచెయ్యి దేనికో తగిలింది. హెస్సా. రాళ్ళ అంచున చతికిలబడిపోయింది. చెప్పు ఒకటి నీళ్ళలో పడి తేలుతోంది. పిల్ల నవ్వుతోంది, తనకి అదంతా ఆట. నా మోచేతి పక్కనే, చెయ్యి చాస్తే అందేంత దగ్గరలో నిలబడ్డ పిల్ల నాకు కనపడలేదు. మరి రోడ్డు మీద నేను ఇన్నాళ్ళూ చూస్తున్నదేమిటి?

ఇది మా నాన్న జబ్బు. డాక్టరు ఆ గుండ్రం గీసినప్పుడే నాకు తెలిసిపోయింది, ఎందుకంటే నాన్న కూడా చూడాల్సినదాని వైపు మెడ మొత్తం తిప్పి, కొంగలాగా నిలబడి చూసేవాడు. మాది కొల్లేట్లో ఒక లంక. చుట్టూ నీళ్ళు, మధ్యన మిట్ట మీద తాటాకు ఇళ్ళు. మా ఇంటి వాసన ఇప్పటికీ ముక్కుల్లో ఉంది. దోనెకి పూసిన తారు, చూరుకి వేలాడే ఎండుచేప, అరుగు కింద తడిమట్టి నింపిన కుండలో నాన్న పెంచే ఎర్రలు. వాటికి అరటిదవ్వ ముక్కలు వేసి, రోజూ నీళ్ళు చిలకరించి, ఎండ తగలకుండా గోనెపట్టా కప్పేవాడు. మంగక్కనీ నన్నూ అంత శ్రద్ధగా చూశాడా అంటే చెప్పలేను. పొద్దున్నే చద్దన్నం తిని అరుగు మీద కూర్చుని నిన్నటి దారాలన్నీ విప్పేవాడు. తంగూసు దారాన్ని మొదటి నుంచి చివరిదాకా పెదవుల మధ్య నుంచి లాగేవాడు. దారానికి గాటు పడితే వేలి కంటే ముందు పెదవికి తెలుస్తుందనేవాడు. గాటు దొరికిన చోట కొరికి, ముడి వేసి, ఉమ్ముతో తడిపి బిగించేవాడు. "నా చీర ఏ రంగో చెప్పలేడు గానీ దారానికి మాత్రం ముద్దులు" అని అమ్మ వంటింట్లోంచి సణిగేది. ఆయన ముసిముసిగా నవ్వేవాడు.

ఇంట్లో ఏ వస్తువూ చోటు మారడానికి వీల్లేదు. చెంబు కుండ పక్కనే ఉండాలి, పీట గోడకే ఉండాలి. నా చెప్పులు దారిలో విడిస్తే అమ్మ చెవి మెలిపెట్టేది. అదంతా శుభ్రం పిచ్చి అనుకున్నాను చాలాకాలం. లంకలో ఎవరూ నాన్నకి కళ్ళు పోయాయి అనలేదు. "చూపు కాస్త మందం" అనేవాళ్ళు, అదీ గొంతు తగ్గించి. కారణం ఉంది. మా దగ్గర వేటకి ఒక కట్టుబాటు ఉండేది. చేపలు మసిలే మంచి చోట్లని ఏటా వంతులేసి పంచుకునేవాళ్ళం. రోజూ నీళ్ళలోకి వెళ్ళే దోనె ఎవరిదో వాళ్ళకే వంతు. దోనె ఒడ్డున కట్టేసి కూర్చున్నవాడికి వంతు లేదు, ఎంత పెద్దమనిషైనా సరే. కాబట్టి మా దోనె రోజూ కదలాలి. కదలకపోతే మా చోటు ఇంకొకరిది.

నాన్న అప్పటిదాకా ఒక్కడే వెళ్ళేవాడు. దోనె అంటే తాటిమొద్దు తొలిచి చేసింది, వెనక నిలబడి గెడ వేస్తే ముందుకి పాకుతుంది. నేను బడికి వెళ్ళనని మొండికేస్తున్న రోజులవి. ఒక చోట కుదురుగా కూర్చోమంటే నాకు ఒళ్ళంతా చీమలు పాకినట్టుండేది. ఒక పొద్దున్న నాన్న చూరులోంచి గెడ తీసి నా ముందు నిలబెట్టి, "ఒరేయ్ రాఘవా, ఇయ్యాల్టి నుంచి నువ్వు తోలు. నేను ముందు కూచుని గాలమేసుకుంటా" అన్నాడు. అంతే. ఇంకొక్క ముక్క లేదు. నా కాళ్ళు నేల మీద ఆనలేదు. నేను మగాడినైపోయాను, నాన్నే ఒప్పుకున్నాడు అనుకుని ఆ సాయంత్రానికి లంకలో ప్రతి గడపా తొక్కి చెప్పుకొచ్చాను. మంగక్క మాత్రం ఎందుకో ముఖం అటు తిప్పుకుంది. కుళ్ళుకుంటోంది అనుకున్నాను.

ఆ ఏడాది నేను నేర్చుకున్నది తర్వాత బళ్ళోనూ నేర్వలేదు, గల్ఫులోనూ నేర్వలేదు. నాన్నకి రెండు వేటలుండేవి, పగలు గొరక, సందేళ వాలుగ. గొరక చిన్న చేప, అరచేతిలో పడుతుంది, చెంపల మీద ముళ్ళుంటాయి, పట్టుకోవడం తెలీనివాడి వేళ్ళు చీరేస్తుంది. ఎండ ముదిరాక గుర్రపుడెక్క నీడలోకి చేరుతుంది. దోనెని ఆ నీడకి బారెడు దూరంలో ఆపి, చప్పుడు కాకుండా కిక్కిస గడ్డి దుబ్బుకి కట్టెయ్యాలి. గెడ చెక్కకి తగిలి టక్కుమందా, గొరకలన్నీ మాయం. సన్నటి వెదురు కర్ర, దానికి దారం, మూరెడు పైన జీలుగు బెండు, చిన్న గాలం, దానికి ఎర్ర. బెండు మునిగేదాకా ఆగకూడదు. గొరక కిందకి లాగదు, పక్కకి నడిపిస్తుంది. నాన్నకి ఆ బెండు కనపడేది కాదు, కర్ర మొదలు మోకాలికి ఆనించి ఆ కదలిక పట్టేవాడు. నేను బెండు చూసి "నాన్నా!" అనేలోపు చేప దోనెలో పడి కొట్టుకుంటూ ఉండేది. నాకు ఒళ్ళు మండేది. కళ్ళున్నవాడిని నేను, చేపలు ఆయనకి.

వాలుగ సంగతి వేరు. అది పెద్దది, బారెడు పొడవు కూడా ఉంటుంది, నోరు చెవులదాకా చీలి ఉంటుంది, లోపల ఇసకకాగితంలా సన్న పళ్ళు. ఏరు వచ్చి కొల్లేట్లో కలిసే చోట లోతు కాలవలో అడుగున పడుకుంటుంది, వెలుతురు తగ్గాక లేస్తుంది. దానికి కర్రా లేదు, బెండూ లేదు. ఉత్త దారం చేత్తో వదలడమే. పళ్ళకి తంగూసు తెగిపోతుందని గాలానికి ముందు జానెడు తీగ కట్టేవాడు, సైకిలు బ్రేకు తీగలోంచి లాగిన పోగు అది. బతికున్న పరిగెపిల్లని వీపు మీద చర్మానికి మాత్రమే గుచ్చి, సీసం గుండుతో అడుక్కి దింపేవాడు. దోనెని గాలికి అడ్డంగా వదిలి, నేను గెడని నీళ్ళలో ఈడుస్తూ జోరు తగ్గిస్తుండాలి. నాన్న దారాన్ని చూపుడువేలి కణుపు మీద వేసుకుని, గుండుని బెత్తెడు లేపుతూ దింపుతూ కూర్చునేవాడు. అడుగున బురదైతే గుండు దిగబడుతుంది, నత్తగుల్లల నేలైతే గరగరమంటుంది. ఆ రెండూ కలిసే అంచునే వాలుగ ఉంటుందనేవాడు. చేప పట్టినప్పుడు గుంజు రాదు, తడిబట్ట తగులుకున్నంత బరువు వస్తుంది. అప్పుడు లాగకూడదు. ఒక ఊపిరి పీల్చి వదిలేంతసేపు దారం ఇవ్వాలి, ఆ తర్వాతే చెయ్యి ఎత్తాలి. ఆ ఊపిరి నాకెప్పుడూ పూర్తయ్యేది కాదు. సగంలోనే లాగేసేవాణ్ణి. "నీకు వాలుగ పడదురా, నీ దగ్గర ఆగే గుణం లేదు" అనేవాడు నాన్న.

ఒక సందేళ మంచి వాలుగ పడింది. దారం నీళ్ళని కోసుకుంటూ పోతోంది, నాన్న నిలబడలేక మోకాళ్ళ మీద వంగి ఇస్తున్నాడు, లాగుతున్నాడు. ఎంతుందో చూద్దామని నేను గెడ వదిలేసి పక్కకి వంగాను. అంతలోకే దోనె గాలికి జారి, ఎవరివో వల గుంజల మధ్యకి పోయి ఇరుక్కుంది. దారం గుంజకి చుట్టుకుని టప్పున తెగింది. నాన్న వేలి మీద రక్తం. ఆయన ఎప్పుడూ అరవని మనిషి. ఆ రోజు అరిచాడు. "చేప సంగతి నీకెందుకురా! నువ్వు చూడాల్సింది నీళ్ళు! నేను చూళ్ళేనని కదా నిన్ను నిలబెట్టింది!" నాకూ రోషం వచ్చింది. గట్టు మీద దోనె లాగేటప్పుడు, "ఏలు మండుతుందిరా, అమ్మకి చెప్పమాకు" అన్నాడు మెల్లిగా. నాకు ఏడుపొచ్చింది గానీ ఏడవలేదు, మగాణ్ణి కదా.

ఇంకొకటి కూడా నాకు అప్పట్లో అవమానంగా ఉండేది. కిక్కిస మధ్య దారులు ఇరుకు, రెండు దోనెలు పట్టవు. లోపలికి వచ్చేవాడు కేకెయ్యాలి, అవతలివాడు బదులు కేకెయ్యాలి, బరువున్న దోనెకి దారి వదలాలి. అది అందరికీ ఉన్న పద్ధతే. కానీ మా దోనె కనపడితే చాలు, కేకలు ఎక్కువైపోయేవి. "ఎడం పక్కన మావుందయ్యో!" అని ఒకడు. మావంటే చేపలు దూరే వెదురు బుట్ట. "పెదబావా, నేను కుడేపున వస్తున్నా, చూసుకో!" అని ఇంకొకడు. "నాకు కళ్ళున్నాయి, కనపడుతోంది!" అని నేను గొంతు చించుకునేవాణ్ణి. నా తోలకం మీద నమ్మకం లేక అరుస్తున్నారని నా బాధ. నాన్న ముందు నుంచి వెనక్కి తిరక్కుండా, "నీకున్నాయిలే, గెడెయ్యి" అనేవాడు. కొల్లేరంతా మా నాన్నకి కళ్ళయింది ఆ రోజుల్లో. ఎవడూ ఆ మాట పైకి అనకుండానే. మా వంతు మాకే ఉండింది, ఆయన పోయేదాకా.

ఇప్పుడు ఆ కాలవ లేదు, ఆ కేకలూ లేవు. చేపల చెరువుల గట్లు వచ్చాయి, మళ్ళీ కొట్టేశారు, మళ్ళీ వచ్చాయి. వాలుగని చెరువులో పెంచరు, తక్కిన చేపల్ని తినేస్తుందని. ఆ మాట వింటే వాలుగని చూసి నాకు గర్వంగానే ఉంటుంది, ఎందుకో మరి. ఇక్కడ దోహాలో ఏసీ మార్కెట్లో, ఐసు మీద పడుకోబెట్టిన సముద్రం చేపల్ని చూస్తే నాలో ఏ కదలికా ఉండదు. పట్టి తెచ్చిన చేపకి ఒక ముఖం ఉంటుంది. ఏం లాభం చెప్పి, నా బొంద.

లైసెన్సు గడువు ఈ నెలలోనే అయిపోవాల్సింది. కొత్తది కావాలంటే కళ్ళ పరీక్ష కావాలి. పక్క విల్లా డ్రైవరు ఓబులేసుది కడప వైపు. నా ముఖం చూసి వాడే పట్టేశాడు. "ఏమన్నా, రొండు దినాల నుంచి సూస్తాండా, బండి సుట్టూ ప్రదక్షిణాలు సేస్తాండావు. యేమైందో చెప్పకూడదా?" చెప్పాను. ఓబులేసు పెద్దగా నవ్వాడు. "అంతేనా? ఆ అక్షరాల బోర్డు నాకు నోటికొచ్చన్నా. పై నుంచి కిందికి, కింద నుంచి పైకి. రాసిస్తా, బట్టీ కొట్టుకో. మా ఊరోళ్ళు అందురూ అట్లే పాసైనారు." నేను వద్దన్నాను. అవసరం కూడా రాలేదు. అద్దాల షాపులో ఫిలిప్పీన్ అమ్మాయి ఒక కన్ను మూయించి బోర్డు చూపిస్తే, అట్టడుగు వరస దాకా గడగడా చదివేశాను. నడిమధ్యన ఉన్న ఆ కాస్త తెలుపులో బోర్డు ముత్యంలా కనపడింది. "పర్‌ఫెక్ట్!" అంది అమ్మాయి. పక్కలకి ఏముందో ఆ బోర్డు అడగదు. మర్నాటికి కొత్త లైసెన్సు చేతికొచ్చింది. "ఇంగేంన్నా, నిన్నెవురూ కదిలించల్యారు" అని ఓబులేసు వీపు తట్టాడు. నాకు ఆ దెబ్బ తగిలినచోట సంతోషం రాలేదు. పరీక్షలో తప్పితే బాగుండునని కోరుకున్నట్టున్నాను, ఇంకెవరో నా తరపున చెప్పేస్తారని.

నిజం చెప్పనా? నాకు ఉద్యోగం పోతుందన్న భయం కన్నా, ఖాళీగా కూర్చోవాలి అన్న భయం ఎక్కువ. ఈ దేశంలో నేను నిలబడి చేసినదీ, చక్రం తిప్పి చేసినదీ తప్ప ఇంకేమీ లేదు. ఆ సంగతి మనసులోకి రాగానే నాన్నని అడ్డం పెట్టుకున్నాను. ఆయన చూపు లేకుండా అన్నేళ్ళు వేటాడాడు కదా, ఎవరికి ఏమైంది, వేళ్ళతో పని నడిపాడు కదా, నేను మాత్రం అద్దాలు సర్దుకుని, మెడ తిప్పుకుంటూ, ఇరవై ఏళ్ళుగా తెలిసిన రోడ్డు మీద నడపలేనా? ఇలా నాలో నేను వాదించుకుంటూ రెండు మూడు రోజులు పిల్లల్ని బడికి దింపాను కూడా. ప్రతి మలుపులో చొక్కా తడిసిపోయేది. ఈ రోడ్డు మీద ఎవడూ నా కోసం కేకెయ్యడు. హారన్ కొడతాడు, అదీ దాటిపోయాక.

ఆకివీడులో ఉంటున్న మంగక్కకి మొన్న మధ్యాహ్నం ఫోన్ చేశాను. జబ్బు సంగతి చెప్పలేదు. "అక్కా, నాన్న నాకు గెడ ఎందుకిచ్చాడే?" అన్నాను.

"ఎండకి మతిపోయిందేంట్రా? ఎప్పటి మాటలు!"

"చెప్పవే."

"నీకు అమ్మ చెప్పే ఉంటదనుకున్నా" అంది అక్క. "ముందురోజు సందేళ నాన్న ఒక్కడే వస్తా, కిక్కిస దారిలో సూరమ్మత్త దోనెని గుద్దేశాడు. కేకెయ్యక కాదురా, ఆవిడ కేకేసింది, ఈయనా కేకేశాడు. మలుపు తిరిగాక పక్కనే ఉన్న దోనె కనపళ్ళేదు. ఆవిడ మనవరాలు నీళ్ళలో పడింది. జుట్టు పట్టి పైకి లాగింది సూరమ్మత్త, బతికింది. ఎవరికీ చెప్పనులే తమ్ముడా అని ఆవిడే ఒట్టేసి పంపింది. ఇంటికొచ్చాడు, కంచం ముందు కూచున్నాడు, ముద్ద ఎత్తలేకపోయాడు. ఆవిడ చెప్పనందిగా, ఇంకెందుకు బెంగ అంది అమ్మ. దానికాయన ఏమన్నాడో తెలుసా? 'ఆవిడ చెప్పదే. నేను మళ్ళీ గుద్దుతాను' అన్నాడు. తెల్లారి గెడ నీ చేతికిచ్చాడు."

"మరి నాకెందుకు చెప్పలేదు?"

"నువ్వేమో పెద్ద మొనగాడివైపోయినట్టు ఇల్లిల్లూ తిరిగి చెప్పుకుంటివి. వాడు సరదాపడతన్నాడు, పడనీండి అన్నాడు నాన్న. ముందు కూచోడం ఆయనకి ప్రాణసంకటంరా. దోనె అంచు రెండు చేతులా పట్టుకుని కూచునేవాడట మొదట్లో, అమ్మకి చెప్పి ఏడ్చాడు కూడా. నిలకడలేని మనిషి. నీకెవరి నుంచి వచ్చిందనుకున్నావ్ ఆ గుణం?" అని, ఆగి, "అవునూ, ఇయ్యన్నీ ఇప్పుడెందుకడుగుతున్నావ్? నీ కళ్ళు బానే ఉన్నాయా?" అంది. ఛార్జింగ్ లేదని పెట్టేశాను.

ఇన్నేళ్ళూ నేను మోసుకు తిరిగిన నాన్న వేరు. చూపు పోయినా తగ్గని మొండి మనిషి, వేళ్ళతో చేపని చదివేసే మొనగాడు, ఇలా ఉండేవాడు నా నాన్న. నిజం నాన్న, దారి చూడాల్సిన చోటు నుంచి ఒక్క రాత్రిలో దిగిపోయాడు, ఒట్టేసి దాచిపెడతామన్నవాళ్ళున్నా సరే. వాలుగలు పట్టడం ఆ తర్వాతి సంగతి. నేను ఆ తర్వాతి సంగతినే పట్టుకుని వేలాడుతున్నాను, దొంగవెధవని.

ఈ రోజు భోజనాలయ్యాక మేడమ్ వంటింటి వైపు తలుపు దగ్గరికి వచ్చి, "రాగూ, యల్లా, ఖాలిద్‌కి ఫుట్‌బాల్ టైమైంది" అంది. ఇంట్లో అందరికీ నేను రాగూనే. హెస్సా కూడా వస్తానని అప్పటికే బూట్లు తొడుక్కుని నా పక్కకి వచ్చి నిలబడింది. నేను తాళాలు తీసి మేడమ్ ముందు బల్ల మీద పెట్టాను. నాకు వచ్చిన అరబ్బీ ముక్కలు కూడదీసుకుని, రెండు చెవుల పక్కనా చేతులు పెట్టి చూపిస్తూ, "మేడమ్, ఇక్కడ మాఫీ శూఫ్. ఇక్కడా మాఫీ శూఫ్. డాక్టర్ చెప్పింది. బండి ఖలాస్" అన్నాను. పక్కలకి కనపడదు, బండి నడపడం ఇక అయిపోయింది అని.

మేడమ్ కళ్ళు చిట్లించింది. "మొన్నీమధ్యే కదా లైసెన్సు వచ్చింది? కళ్ళు బాగున్నాయని కాగితం ఇచ్చారు కదా?"

"ఇచ్చారు మేడమ్. బోర్డు నాకు ఎదురుగా పెట్టారు. పిల్లలు ఎదురుగా ఉండరు కదా."

ఆమెకి పూర్తిగా అర్థమైందో లేదో తెలీదు. సెలవు కోసం ఎత్తు వేస్తున్నాననుకుందేమో, అలాగే చూస్తోంది. ఈ లోపల హెస్సా నా చెయ్యి గుంజి, "రాగూ, నేను కనపడుతున్నానా?" అంది. గొంతు ఎడమవైపు నుంచి వచ్చింది. ఎటూ తిరక్కుండా నిలబడి, "లేదు" అన్నాను. నా నోటితో నేను ఆ మాట పైకి అనడం అదే మొదలు. హెస్సాకి భలే సరదా వేసింది. బూట్లు టకటకలాడిస్తూ ఒకడుగు ముందుకొచ్చింది. "ఇప్పుడు?" "లేదు." ఇంకో అడుగు. "ఇప్పుడు?" "లేదమ్మా." ఇంకాస్త జరిగింది, "ఇప్పుడు? అబద్ధం చెప్పకు!" "లేదు తల్లీ." చివరికి సరిగ్గా నా ముక్కుకి ఎదురుగా వచ్చి నిలబడి రెండు చేతులూ ఊపింది. "ఆఁ, ఇప్పుడు కనపడ్డావు" అన్నాను. తానే గెలిచినట్టు చప్పట్లు కొట్టింది హెస్సా. మేడమ్ నవ్వలేదు. కూతుర్ని దగ్గరికి లాక్కుని, బల్ల మీది తాళాలు తీసి గుప్పిట్లో బిగించి పట్టుకుంది.